గ్రూపులో పోటీ పెట్టడం ఎలా: ఆలోచన దగ్గర నుంచి బహుమతి కవర్ పోస్ట్ చేసేదాకా

"మా గ్రూపులో మూడు వేల మంది ఉన్నారు. మాట్లాడేది మాత్రం ఆ పదిహేను మందే. ఒక గివ్‌అవే పెడితే కదలిక వస్తుందా అండీ?"

అడ్మిన్లు ఎవరు కలిసినా ఈ ప్రశ్న వస్తూనే ఉంది. కదలిక తప్పకుండా వస్తుంది. వచ్చినవాళ్లు నెల తర్వాత ఉంటారా లేదా అన్నది మాత్రం మీరు పెట్టే బహుమతినీ, చేయించే పనినీ బట్టి ఉంటుంది. ఈ గైడ్ మొత్తం ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

నేను మిద్దెతోట గ్రూపు చూసుకుంటాను కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. ఫేస్‌బుక్‌లో గ్రూపు, దానికి తోడుగా వాట్సాప్. మీది వంటల గ్రూపు అయినా, పుస్తకాలదైనా, కుట్లు అల్లికలదైనా వరస ఇదే. గింజలు అన్నచోట మీ సరుకు పెట్టుకుని చదవండి.

## 1. ఎవరి కోసమో ఒక్క వాక్యంలో రాయండి

పోటీ చేత మూడు పనులు చేయించుకోవచ్చు: కొత్తవాళ్లను తేవడం, చదివి ఊరుకునే పాతవాళ్ల చేత నోరు విప్పించడం, గ్రూపుకు పనికొచ్చే ఫొటోలూ అనుభవాలూ కూడబెట్టడం. ఒకే పోటీతో మూడూ సాధిద్దాం అనుకుంటే ఏదీ సరిగ్గా కుదరదు.

"మెంబర్లు పెరగాలి" అన్నది లక్ష్యం కాదు, కోరిక. ఇలా రాయండి: "ఇప్పటిదాకా ఒక్క పోస్టు కూడా పెట్టనివాళ్లలో యాభై మంది చేత తమ ఇంట్లో మొలిచిన మొక్క ఫొటో పెట్టించాలి."

మొదటి పోటీ పాతవాళ్ల కోసమే పెట్టమంటాను. ఇంట్లో పలకరించే మనిషి లేనప్పుడు చుట్టాలను పిలిచి ఏం లాభం? ముందు లోపల మాటలు మొదలైతే, కొత్తవాళ్లు వచ్చిన రోజునే కలిసిపోతారు.

మొదలుపెట్టే ముందు ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. లేకపోతే చివర్లో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

- గడిచిన 30 రోజుల్లో వచ్చిన పోస్టులు, అడ్మిన్లు పెట్టినవి తీసేసి
- ఆ 30 రోజుల్లో కనీసం ఒక్కసారి కామెంట్ పెట్టిన మనుషులు
- ప్రశ్న అడిగిన ఎంతసేపటికి మొదటి జవాబు వస్తోంది

ఫేస్‌బుక్ గ్రూపు ఇన్‌సైట్స్‌లో (అడ్మిన్లకు కనబడే లెక్కల పేజీ) మొదటి రెండింటికీ దారి దొరుకుతుంది. వాట్సాప్ అయితే కూర్చుని లెక్కపెట్టుకోవాల్సిందే. మూడోది ఎక్కడైనా చేత్తో చూసుకోవాల్సిందే.

## 2. బహుమతి: సగం పని ఇక్కడే అయిపోతుంది

మా మొదటి గివ్‌అవేలో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టాం. వారం రోజులు జాయిన్ రిక్వెస్టులు ఆగలేదు. అడ్మిన్లం ముగ్గురం తెగ సంబరపడ్డాం. గెలిచిన అబ్బాయి హాస్టల్లో ఉంటాడు, కుండీ పెట్టుకోవడానికి కిటికీ గూడు కూడా లేదు. బహుమతి రానివాళ్లలో కొందరు "ఫేక్" అని కామెంట్ పెట్టి వెళ్లిపోయారు. వెళ్లనివాళ్లతో ఇంకో తలనొప్పి: మెంబర్ల అంకె పెరిగింది గానీ, ఎవరైనా పిండినల్లి పురుగు ఫొటో పెట్టి "ఏం చేయాలండీ" అంటే పలికేది మళ్లీ ఆ పదిహేను మందే.

అందుకని బహుమతికి ఒకటే పరీక్ష. మీ గ్రూపు విషయంతో సంబంధం లేని మనిషికి కూడా అది కావాలనిపిస్తే, ఆ బహుమతి వద్దు. ఫోన్, ఇయర్‌ఫోన్లు, షాపింగ్ వోచర్, రీచార్జ్, నగదు అన్నీ ఈ పరీక్షలో పోతాయి. నాటు సొర గింజలు పదిచ్చారనుకోండి, మొక్కల పిచ్చి లేనివాడు వాటి కోసం గ్రూపులోకి రాడు. మనకు కావాల్సిందీ అదే.

మిద్దెతోట గ్రూపులో పనిచేసిన బహుమతులు:

- పాత మెంబర్ల తోటలో ఎండబెట్టిన దేశవాళీ విత్తనాలు
- కొమ్మలు కత్తిరించే మంచి కత్తెర
- అనుభవమున్న మెంబరుతో అరగంట వీడియో కాల్, మిద్దె అంతా తిప్పి చూపించి సందేహాలు అడగడానికి
- నెల రోజులపాటు గ్రూపు కవర్ ఫొటోగా వాళ్ల తోట

చివరి రెంటికీ పైసా ఖర్చు లేదు. కవర్ ఫొటో కోసం జనం పడే ఆరాటం చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

ఒక పెద్ద బహుమతి కన్నా యాభై చిన్నవి మేలు. పెద్దదైతే ఒక్కరు సంతోషిస్తారు, మిగతావాళ్లు ఓడిపోయి వెళ్తారు. యాభై మందికి తలా ఒక కవర్ వెళ్తే యాభై ఇళ్లలో మొలకలు వస్తాయి, తర్వాతి రెండు నెలలూ ఆ ఫొటోలే గ్రూపులో తిరుగుతాయి.

విత్తన కవర్లు తయారు చేసే పద్ధతి

ఇది కొంచెం విడమరచి చెప్తాను. మొలవని గింజ పంపితే పోటీ వల్ల వచ్చిన మంచిపేరంతా పోతుంది.

1. ఎవరు విత్తనాలు ఇస్తున్నా వాళ్ల దగ్గర పది గింజలు ముందు తెప్పించుకోండి.
2. తడి గుడ్డలో చుట్టి, మూత వదులుగా పెట్టిన డబ్బాలో ఉంచండి. బెండ అయితే వారంలోపే తేలిపోతుంది. పదింటిలో ఏడైనా మొలవకపోతే ఆ విత్తనం పంచకండి.
3. గింజలను ముందు కాగితం పొట్లంలో కట్టి తర్వాతే బయటి కవర్లో పెట్టండి. సరిగా ఎండని గింజను నేరుగా ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది.
4. పొట్లం మీద రకం పేరు, గింజ తీసిన నెల, ఎప్పుడు నాటాలో రాయండి. "బెండ" అని మాత్రమే రాస్తే సరిపోదు. "బెండ, తెల్లది, జనవరి చివర నుంచి నాటండి" అని ఉండాలి.
5. సొర, చిక్కుడు లాంటి లావు గింజలను రెండు అట్టముక్కల మధ్య పెట్టండి. పోస్టాఫీసులో కవర్ మీద ముద్ర గుద్దితే పగిలిపోతాయి. మేం ఈ సంగతి పగిలిన చిక్కుడు గింజల ఫొటో చూశాకే తెలుసుకున్నాం.

విదేశాల్లో ఉన్న మెంబర్లు. అమెరికాలోని తెలుగువాళ్లు మిద్దెతోట గ్రూపుల్లో చాలామంది ఉంటారు, బ్యాక్‌యార్డ్‌లో కాకర పండిస్తున్నవాళ్లు. వాళ్లకు మామూలు కవర్లో గింజలు పంపకండి. గింజలకు తెగుళ్లూ పురుగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ గానీ, అక్కడి వ్యవసాయ శాఖ ఇచ్చే పర్మిట్ గానీ లేకపోతే కస్టమ్స్‌లో ఆపేస్తారు. కరివేపాకు మొక్కల సంగతి ఇంకా కష్టం: నిమ్మజాతి చెట్లకు వచ్చే తెగులు భయంతో వాటి మీద గట్టి ఆంక్షలున్నాయి. వాళ్లకు వీడియో కాల్, కవర్ ఫొటో లాంటి బహుమతులు పెట్టి, ఆ మాట నిబంధనల్లోనే చెప్పేయండి.

## 3. ఏ రకం పోటీ

మూడు రకాలున్నాయి.

లక్కీ డ్రా. తేలిక. జనం ఎక్కువమంది వస్తారు. చేసిన పని ఏమీ ఉండదు కాబట్టి ఫలితం వచ్చిన మర్నాడే చల్లబడుతుంది.

ప్రతిభను చూసే పోటీ. మంచి ఫొటోలు వస్తాయి. కానీ ఎప్పుడూ గెలిచే ఆ నలుగురే గెలుస్తారు. రెండు కుండీలున్న కొత్త మనిషి నాలుగొందల కుండీల తోట చూసి మన వల్ల కాదని తప్పుకుంటారు.

పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ బహుమతి. చెప్పిన పని చెప్పిన రోజుల్లో చేస్తే చాలు, కవర్ వస్తుంది. పాతవాళ్లను కదిలించాలంటే నా ఓటు దీనికే. పైన ఉత్సాహం కోసం ఒకటి రెండు ప్రత్యేక బహుమతులు కలుపుకోవచ్చు.

ఏ రకమైనా డబ్బు మాత్రం తీసుకోకండి. డబ్బు కట్టించుకుని, అదృష్టం మీద ఎంచి, బహుమతి ఇస్తే అది లాటరీ అవుతుంది. అనుమతి లేకుండా లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. "కొరియర్ ఖర్చుకు యాభై రూపాయలే కదా" అని ముందే వసూలు చేయడం కూడా అనవసరమైన తద్దినం. బహుమతి విలువ పది వేలు దాటితే 30 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే పన్ను) గొడవ ఒకటి ఉంటుంది. గింజల కవర్లకు ఆ బాధ లేదనుకోండి.

### ఇక్కడి నుంచి మనం వాడబోయే ఉదాహరణ: మూడు ఆదివారాల మెంతి

పోపుల పెట్టెలో మెంతులు లేని తెలుగిల్లు ఉండదు. శనివారం రాత్రి గుప్పెడు మెంతులు నానబోసి, ఆదివారం ఒక ట్రేలోనో పగిలిన టబ్బులోనో మట్టి పోసి చల్లాలి. ఆ రోజు ఒక ఫొటో, తర్వాతి ఆదివారం ఒకటి, మూడో ఆదివారం ఒకటి. మూడు ఫొటోలూ పెట్టినవాళ్లకు వేసవి పంటకు నాటుకునే బెండ, సొర గింజల కవర్.

నవంబరులో పెట్టండి. చలికి మెంతి బాగా వస్తుంది, మూడో ఆదివారానికి వేలెడంత పెరిగి చిన్న మెంతిగా కోసుకోవచ్చు. వానాకాలంలో పెడితే సగం ట్రేలు కుళ్లిపోతాయి.

ఈ పనిలో ఒక కిటుకు ఉంది. కొనాల్సింది ఏదీ లేదు, మిద్దె కూడా అక్కర్లేదు, కానీ పదిహేను రోజులు నీళ్లు పోయాలి. గింజల మీద నిజంగా మనసున్నవాళ్లే మిగులుతారు. మీ గ్రూపుకు పోటీ ఆలోచిస్తున్నప్పుడు ఇలాంటిదే వెతకండి: ఇంట్లో ఉన్నదానితో మొదలయ్యేది, కాస్త ఓపిక అడిగేది.

## 4. నిబంధనలు: పది లైన్లు, ఒక్క పోస్టు

అనుమానాలూ తగవులూ నిబంధనల్లో రాయని చోటే పుడతాయి. మా పోస్టు ఇంచుమించు ఇలా ఉంటుంది, కావాలంటే కాపీ చేసుకోండి.

> మూడు ఆదివారాల మెంతి
> గ్రూపు మెంబర్లు ఎవరైనా చేరవచ్చు. ఫీజు లేదు. ఇంటికి ఒక ఎంట్రీ.
> మొదటి ఫొటో తొలి ఆదివారం రాత్రి 9 గంటల లోపు, రెండోది రెండో ఆదివారం, మూడోది మూడో ఆదివారం అదే సమయానికి.
> ప్రతి ఫొటోలో ఆ వారం మేం చెప్పిన మాట రాసిన చీటీ ట్రే పక్కన కనబడాలి.
> మూడు ఫొటోలూ పెట్టినవారికి విత్తనాల కవర్. 60 కవర్లు ఉన్నాయి. అంతకు మించి పూర్తిచేస్తే లైవ్‌లో చీటీలు తీస్తాం.
> మొలకలు చచ్చిపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు ఫొటో పెడితే ఎంట్రీ చెల్లుతుంది.
> కవర్లు మన దేశంలోని చిరునామాలకే. విదేశాల్లో ఉన్నవారికి వీడియో కాల్.
> పిల్లలు తల్లిదండ్రుల పేరు మీద చేరాలి.
> అడ్మిన్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ బహుమతికి పోటీలో ఉండరు.
> ఈ పోటీకి ఫేస్‌బుక్‌తో ఏ సంబంధమూ లేదు. బాధ్యత పూర్తిగా మాది.

చివరి లైను అలంకారానికి కాదు. పోటీని తాము నడపడం లేదని, దానికి తమ బాధ్యత లేదని పాల్గొనేవాళ్లకు చెప్పాలని ఫేస్‌బుక్ అడుగుతుంది.

దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. "మీ టైమ్‌లైన్‌లో షేర్ చేయండి, ముగ్గురు ఫ్రెండ్స్‌ను ట్యాగ్ చేయండి, అప్పుడే ఎంట్రీ" అని పెట్టడం ఫేస్‌బుక్ నిబంధనలకు విరుద్ధం. అందరూ చేస్తున్నారు కదా అంటారు. హెల్మెట్ లేకుండా కూడా చాలామంది తిరుగుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలో లేని మనిషిని ఫొటోలో ట్యాగ్ చేయమనడం తప్పు. యూట్యూబ్‌లో అయితే చేరడం ఉచితంగానే ఉండాలి.

ఏదైనా నర్సరీ బహుమతులు ఇస్తుంటే ఆ సంగతి పోస్టులోనే రాయండి. వాళ్లు మెంబర్ల నంబర్లు అడుగుతారు, ఇవ్వకండి.

## 5. ఎంట్రీలు తీసుకునే దారి

గూగుల్ ఫామ్ అందరికీ మొదట తట్టే ఉపాయం. ఫొటో అప్‌లోడ్ పెడితే మాత్రం నింపేవాళ్లు గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, ఫొటోలన్నీ వచ్చి మీ డ్రైవ్‌లో కూర్చుంటాయి. పాస్‌వర్డ్ గుర్తులేని పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. పైగా ఫొటోలు గ్రూపులో కనబడకపోతే పోటీ పెట్టి ఏం లాభం?

మేం మెట్లలాగా పెడతాం:

1. మొదటి ఆదివారం: పిన్ చేసిన పోస్టు కింద కామెంట్‌లో ఫొటో. ఇంతకన్నా తేలిక లేదు. బిడియమున్నవాళ్లు నలుగురిలో కలిసిపోతారు.
2. రెండో ఆదివారం: విడిగా ఒక పోస్టు, ఒక లైను రాసి. "ఏడో రోజు. చీమలు కొన్ని గింజలు మోసుకుపోయాయి" అన్నా చాలు.
3. మూడో ఆదివారం: పోస్టు పెట్టి, ఇంకొకరి మెంతి పోస్టు కింద ఒక కామెంట్.

చదివి ఊరుకునే మనిషి మూడు వారాల్లో కామెంట్, పోస్టు, పలకరింపు మూడూ చేసేస్తారు. మాకు కావాల్సిందల్లా అదే.

చీటీ మాట. నెట్‌లో దొరికిన ఫొటోలు, ఏఐతో గీయించినవి, నిరుడు తీసినవి రాకుండా ఉండాలంటే ఇదే మందు. ప్రతి శనివారం సాయంత్రం ఒక మాట ప్రకటిస్తాం: ఒక వారం "ఆవకాయ", ఒక వారం "గాలిపటం". దాన్ని చేత్తో కాగితం మీద రాసి ట్రే పక్కన పెట్టి ఫొటో తీయాలి. తేదీ కనబడేలా ఫొటో పంపమంటే ఎవరికీ చేతకాదు. వాట్సాప్‌లో పంపిన ఫొటోలో ఆ వివరాలు ఎలాగూ పోతాయి. చీటీ మాత్రం మా ఎనభై ఏళ్ల మెంబరమ్మ కూడా రాసి పెట్టింది, ముత్యాల్లాంటి అక్షరాలతో.

ఎంట్రీలను ఒక షీట్‌లో ఎక్కించడం రోజూ రాత్రి చేయండి. పేరు, మూడు ఆదివారాలకు మూడు గడులు, టిక్కులు. వారం పని ఒకేసారి పెట్టుకుంటే మధ్యలో ఎవరో ఒకరు తప్పిపోతారు, గొడవ మొదలవుతుంది.

## 6. ప్రకటనకు ముందు రోజు

- ఇద్దరు మెంబర్లకు పోస్టు చదివించి "ఏం చేయాలో చెప్పండి" అని అడిగారా? వాళ్లు తడబడిన చోటల్లా తిరగరాయండి.
- ముగ్గురు నలుగురు పాతవాళ్లు మొదటి ఆదివారం పొద్దున్నే ఫొటో పెడతామని ఒప్పుకున్నారా? ఖాళీ కామెంట్ల పెట్టెలో మొదటి ఫొటో ఎవరూ పెట్టరు.
- కవర్లు, గింజలు, స్టాంపులు చేతిలో ఉన్నాయా? "స్పాన్సర్ ఇస్తానన్నారు" అంటే లేనట్టే.
- ఆ మూడు వారాల్లో పెద్ద పండగ ఏదైనా ఉందా? సంక్రాంతికి ఊరెళ్లిన మనిషి ట్రేకు నీళ్లెవరు పోస్తారు?
- కొత్తగా చేరేవాళ్లకు గ్రూపు ప్రశ్నలు ఆన్ చేశారా? ఫేస్‌బుక్‌లో మూడు దాకా పెట్టుకోవచ్చు. "మీ ఇంట్లో ఇప్పుడు పెరుగుతున్న ఒక మొక్క పేరు?" అన్న ఒక్కటి చాలు, ఫేక్ ప్రొఫైళ్లు చాలామటుకు అక్కడే ఆగిపోతాయి.

## 7. నడుస్తున్న రోజుల్లో అడ్మిన్ పని

మొదటి రెండు రోజులు సందడి ఉంటుంది. నాలుగో రోజు నుంచి పడిపోతుంది. పోటీ విఫలమైందని టెన్షన్ పడి కొత్త బహుమతులు కలపకండి, మొలకలకు టైం పడుతుంది.

ఆ ఖాళీ రోజుల్లో చేయాల్సింది పలకరించడం. అందరికీ ఒకే "సూపర్ అండీ" కాకుండా ఫొటోలో కనబడిన దాని గురించి అడగండి. "ఆ నీలం టబ్బుకు అడుగున చిల్లులు పెట్టారా?" అంటే జవాబు వస్తుంది, దాని కింద ఇంకొకరు వస్తారు.

మొలకలు చచ్చిపోయినవాళ్లు సిగ్గుపడి తప్పుకోకుండా చూసుకోండి. మేం కుళ్లిన ట్రే బహుమతి అని ఒకటి పెట్టాం. ఏం తప్పు జరిగిందో బాగా చెప్పినవారికి వీడియో కాల్. అందమైన ట్రే ఫొటోకు లైకులు వస్తాయి. బూజు పట్టిన ట్రే ఫొటోకు మాత్రం ముప్పై సలహాలు వస్తాయి: గింజలు మరీ ఒత్తుగా చల్లారు, నీళ్లు నిలిచాయి, గాలి తగల్లేదు, మా అత్తగారైతే ఇలా చేసేవారు... సలహా చెప్పే అవకాశం దొరికితే తెలుగువాడు ఊరుకోడు. ఆ ముప్పై కామెంట్లూ గ్రూపుకు ఆస్తి, తర్వాత ఎవరడిగినా చూపించవచ్చు.

వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టించకండి. అక్కడ 1,024 మందికి మించి పట్టరు. అందరూ ఒకేసారి ఫొటోలు పెడితే ఫోన్లు నిండిపోయి జనం వెళ్లిపోతారు. అక్కడ గుర్తుచేయడం వరకే, అదీ శనివారం సాయంత్రం ఒక్కసారి.

కొత్తవాళ్లు కూడా కావాలనుకుంటే జంట ఎంట్రీ పెట్టండి: పక్కింటివాళ్లకో, అక్కాచెల్లెళ్లకో గుప్పెడు మెంతులిచ్చి ఇద్దరూ ఎవరి ట్రే వాళ్లు పెంచడం. తెలిసిన మనిషి పక్కనుంటే కొత్తవాళ్లు నిలబడతారు.

## 8. విజేతలను ఎంచడం

లైకుల మీద మాత్రం ఎంచకండి. "నాకు ఓటు వేయండి, మీకు నేను వేస్తా" అనే గ్రూపులు నడుస్తున్నాయి, లైకులు డబ్బుకు దొరుకుతున్నాయి. ఓడినవాళ్లు స్క్రీన్‌షాట్లు తెచ్చి మీ ముందు పెడతారు, అప్పుడు జవాబు ఉండదు. వాట్సాప్ పోల్‌లో ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా కనబడుతుంది. అది ఇంకో రకం గొడవ.

పూర్తిచేసినవాళ్లందరికీ బహుమతి అయితే ఎంపిక బాధే లేదు, షీట్‌లో మూడు టిక్కులు చాలు. కుళ్లిన ట్రే లాంటి ప్రత్యేక బహుమతికి ముగ్గురు జడ్జీలను పెట్టండి, ఒకరైనా అడ్మిన్ కానివాళ్లు ఉండాలి. పేర్లు తీసేసి ఎంట్రీలు చూపించండి. తప్పు ఏమిటో స్పష్టంగా చెప్పారా, కారణం పట్టుకున్నారా, మళ్లీ ప్రయత్నించారా అని మూడింటికి అయిదేసి మార్కులు. సమానంగా వస్తే ఇద్దరికీ ఇచ్చేయండి.

డ్రా తీయాల్సి వస్తే స్టీలు డబ్బాలో చీటీలు వేసి లైవ్‌లో తీయడాన్ని మించింది లేదు. ముందు చీటీలన్నీ కెమెరాకు చూపించండి, డబ్బా బోర్లించి ఖాళీ అని చూపించండి, ఇంట్లో పిల్లలెవరి చేతనైనా తీయించండి. గూగుల్ షీట్స్‌లో రెండు అంకెల మధ్య ఏదో ఒక అంకె ఇచ్చే ర్యాండ్‌బిట్వీన్ ఫార్ములాతో కూడా తీయవచ్చు, కానీ షీట్‌లో ఎక్కడ ఏది మార్చినా ఆ అంకె మళ్లీ మారిపోతుంది. మాకు లైవ్‌లో 17 వచ్చింది, పేరు వెతుకుదామని పక్క గడిలో ఏదో నొక్కితే 42 అయింది. చూస్తున్నవాళ్లకు ఏం చెప్తాం? ఫార్ములా వాడితే తెరను మొదటి నుంచి రికార్డు చేస్తూ, వచ్చిన అంకెను వెంటనే కాగితం మీద రాసి చూపించి, తర్వాతే ఇంకేమైనా ముట్టుకోండి.

## 9. ఫలితం, మోసగాళ్లు, కవర్లు

ఫలితం పెట్టిన పది నిమిషాల్లో మోసగాళ్లు దిగుతారు. మీ ప్రొఫైల్ ఫొటో, మీ పేరుతో ఇంకో అకౌంట్ తెరిచి విజేతలకు మెసేజ్ పెడతారు: "అభినందనలు, డెలివరీ ఛార్జీ 99 పంపండి" అని గానీ, "ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే బహుమతి మొత్తం వస్తుంది" అని గానీ. అందుకని ఫలితం పోస్టులోనే, పేర్ల కన్నా పైన, ఇది రాయండి:

> మేం ఎవరికీ ముందుగా మెసేజ్ పెట్టం. మీరే ఫలాన అడ్మిన్‌కు చిరునామా పంపండి. డబ్బు అడగం. ఓటీపీ అడగం. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఎవరైనా అడిగితే అది మేం కాదు.

ఎవరైనా అప్పటికే డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి.

చిరునామాలు కామెంట్లలో రాయనివ్వకండి. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే గ్రూపుల్లో ఇది మరీ ముఖ్యం. ఎవరైనా రాస్తే వెంటనే తీసేసి, వాళ్లకు విడిగా చెప్పండి. ఒక్క అడ్మినే చిరునామాలు చూడాలి, కవర్లు చేరాక ఆ జాబితా చెరిపేయాలి.

పోస్ట్ చేయడం వారంలోపు. కవర్లన్నీ బల్ల మీద పరిచి ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, చిరునామాలు కనబడకుండా. "నిజంగానే ఇస్తున్నారు" అన్న నమ్మకం ఆ ఒక్క ఫొటోతో వస్తుంది. పది రోజులైనా అందలేదన్నవాళ్లకు రెండో కవర్ పంపేయండి, తర్కం వద్దు. అందుకే పదో వంతు కవర్లు అదనంగా ఉంచుకోవాలి.

## 10. తరచూ జరిగే తప్పులు, అప్పటికప్పుడు సర్దుకోవడం

మూడు రోజులైనా ఎంట్రీలు రాలేదు. పని కష్టమో, పోస్టు అర్థం కాలేదో. బహుమతి పెంచకండి. అడ్మిన్‌గా మీరే ఫోన్‌తో నిమిషం వీడియో తీసి, నానిన మెంతులు చల్లుతూ చూపించండి.

గడువు అయ్యాక "నెట్ లేదండీ" అంటున్నారు. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి. ఇవ్వదలిస్తే అందరికీ మర్నాడు ఉదయం 9 దాకా అని ప్రకటించండి.

ఒకే ఇంటి నుంచి మూడు ఎంట్రీలు. చిరునామాలు వచ్చాక బయటపడుతుంది. విడిగా మాట్లాడి ఒక్క కవర్ పంపండి. గ్రూపులో పేరు పెట్టి పరువు తీయకండి.

"అంతా ఫిక్సింగ్" అని కామెంట్. తీసేయకండి. కింద షీట్ స్క్రీన్‌షాట్, లైవ్ లింకు పెట్టి ఊరుకోండి. మిగతాది మెంబర్లే చూసుకుంటారు. బూతులైతే మాత్రం తీసేయాలి.

మన నిబంధనలోనే తప్పు దొర్లింది. మొదటి ఎంట్రీ రాకముందైతే దిద్దండి. వచ్చాకైతే పాత మాటకే కట్టుబడి, నష్టమేదైనా మీరే భరించండి.

## 11. ముప్పై రోజుల తర్వాత కాగితం తీయండి

మొదట రాసి పెట్టుకున్న ఆ మూడు అంకెల పక్కన కొత్తవి రాయండి. పోటీ జరిగిన వారాలను లెక్కలోకి తీసుకోకండి, కవర్లు చేరిన తర్వాతి 30 రోజులే చూడండి.

ఆ పైన ఇంకొక్కటి లెక్కపెట్టండి: మెంతి ఫొటోలు పెట్టిన మనుషుల్లో ఎంతమంది ఆ తర్వాత మెంతితో సంబంధం లేని పోస్టుకు జవాబిచ్చారు? పదిమందిలో ఇద్దరు మిగిలినా పోటీ గెలిచినట్టే లెక్క. ఒక్కరూ మిగలకపోతే తప్పు బహుమతిలో ఉందో, పనిలో ఉందో చూసుకోవాలి.

తర్వాతి పోటీకి కనీసం రెండు నెలలు ఆగండి. వెంటవెంటనే పెడితే పోటీ లేని రోజున ఎవరూ మాట్లాడని అలవాటు పడుతుంది. ఆ మధ్యలో, జనవరి చివర్లో, కవర్లు అందుకున్నవాళ్లను ఒక్క పోస్టుతో పలకరించండి: "బెండ గింజలు నాటారా? ఎన్ని మొలిచాయి?" బహుమతి ఏమీ పెట్టకండి. దాని కింద వచ్చే కామెంట్లు లెక్కపెట్టుకుని, ఆ అంకెను కూడా అదే కాగితం మీద రాసుకోండి.